పై గీత దాకా

మా ఇంట్లో ఆయిల్ అనే మాటకు అర్థం అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. మా అత్తగారికి అది పొయ్యి మీద కాగేది. మావారికి బండిలో పోసేది. బండిలో పోసేవి రెండున్నాయని, ఒకటి ట్యాంకులోకి, ఒకటి ఇంజిన్‌లోకి పోతుందని పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన నాకు ఏనాడూ చెప్పలేదు. చెప్పకపోగా రెంటినీ ఆయిల్ అనే పిలిచారు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అంటారు చూడండి, అది మా ఇంట్లోంచే పుట్టి ఉంటుంది.

మావారి పని రక్తం మోయడం. అలా చెబితే జనం బెదిరిపోతారు గానీ, విషయం చిన్నదే. ఊళ్ళో అయిదు చోట్ల రక్తపరీక్షకు నమూనాలు తీసుకునే గదులున్నాయి. పొద్దున్న ఆరున్నర నుంచి ఒక్కో గదికీ వెళ్ళి, మూతలు బిగించిన ట్యూబులను ఐసుపెట్టెలో సర్దుకుని, తొమ్మిది కొట్టేలోగా పెద్ద ల్యాబులో అప్పగించాలి. కారు ఆయనదే, రూటూ ఆయనదే. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే మాత్రం ఆ రూటును ఇంకొకరికి ఇచ్చేస్తారు. ల్యాబు ఇన్‌చార్జి మేడమ్ ఆ మాటను కాగితం మీద రాయించి, నమూనాలు దింపే కిటికీ పక్కనే అంటించారు.

తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా మూడు దాకా పోలేదాయన. అలాంటి మనిషి వంటింట్లో బల్బు మారుస్తానని స్టూలెక్కారు. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి అని నేను చెబుతూనే ఉన్నాను. "నాకు తెలుసులే" అంటూనే కింద పడ్డారు. తొడ నుంచి కాలివేళ్ళ దాకా కట్టు వేసి, ఆరు వారాలు కదలొద్దన్నారు డాక్టరు.

ఇంట్లో డ్రైవింగ్ వచ్చిన రెండో మనిషిని నేను. నాలుగేళ్ళ క్రితం పట్టుబట్టి లైసెన్సు తెచ్చుకున్నాను. బడి లైబ్రరీలో పని చేస్తాను కాబట్టి పిల్లల సెలవులే నాకూ సెలవులు. ఆరు వారాలు నేను నడుపుతానని ఇన్‌చార్జి మేడమ్‌కు చెప్పాను. ఆవిడ నన్ను కళ్ళద్దాల పైనుంచి చూసి, నియమం మీకూ అదేనమ్మా అన్నారు. ఆ రూటు పోతే మా ఇంటికి మిగిలేది నా సగం పూట ఉద్యోగం, ఆయన విరిగిన కాలు.

మొదటి సోమవారం బయల్దేరేసరికి ముల్లు అట్టడుగున ఉంది. పంపు దగ్గర ఆపాను. అక్కడి ఉద్యోగిని గొట్టం చేత్తో పట్టుకుని ఏం పొయ్యమంటారని అడిగింది. ఆయిల్ అన్నాను. ఆ అమ్మాయి ఓపిగ్గా, పెట్రోలా డీజిలా అంది. నాకు తెలియదు. నవ్వకండి. నడపడం ఎప్పుడైనా నా వంతు వచ్చేది గానీ పోయించడం ఎప్పుడూ ఆయన వంతే. మూత మీద అంటించిన కాగితం ఎండకు వెలిసిపోయి తెల్లగా ఉంది. ఆయనకు ఫోన్ చేశాను. ఒకసారి మోగి ఆగింది, రెండోసారీ ఆగింది. వెనక బండ్లవాళ్ళు హారన్ల మీద చేతులు తియ్యడం లేదు. మూడోసారికి ఎత్తి, "డీజిలే. అది కూడా తెలియదా?" అన్నారు.

డీజిల్ బండిలో పెట్రోలు పడితే ఇంక నడపకూడదట, తాడు కట్టి లాక్కుపోవలసిందేనట. రోజుకొకరైనా ఇలా తడబడతారని, అడిగి మంచిపని చేశారని ఆ అమ్మాయి అంది. నన్ను ఆ వారంలో మెచ్చుకున్నది ఆ పిల్ల ఒక్కతే. ల్యాబుకు వెళ్ళేసరికి తొమ్మిది దాటి నాలుగు నిమిషాలు. మేడమ్ రిజిస్టరులో ఎర్ర సిరాతో ఒక గీత గీశారు. నేను ఇంటికొచ్చి, పుస్తకాల వెన్నుకు అంటించే చీటీ ఒకటి తీసుకుని, డీజిల్ అని పెద్దక్షరాలతో రాసి మూత లోపల అంటించాను.

సాయంత్రం ఆయన్ని చూడ్డానికి స్నేహితుడొచ్చాడు. నేను టీ కప్పులతో గదిలోకి వెళ్ళేసరికి ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని, మా ఆవిడ పంపుకెళ్ళి, ఏమండీ మన బండి ఏం తాగుతుందండీ అని ఫోన్ చేసిందయ్యా అని చెబుతున్నారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ స్నేహితుడైతే కళ్ళు తుడుచుకున్నాడు. నేను కప్పులు పెట్టేసి బయటికొచ్చి, ఈ జన్మలో ఈ మనిషిని ఏ ఆయిల్ అని అడిగితే ఒట్టు అనుకున్నాను. అక్కడే పడింది ముడి.

బుధవారం మూడో గదిలో నర్సు తాళాలు మరిచిపోయి వచ్చింది. ఆవిడ మళ్ళీ ఇంటికి వెళ్ళి వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను. ఏడు నిమిషాలు ఆలస్యం. రెండో ఎర్ర గీత. ఇంకొక్కటి పడితే తొమ్మిదేళ్ళ రూటు నా చేతుల మీదుగా పోతుంది. ఇంకో ఇరవై రెండేళ్ళ పాటు వినాలి ఆ మాట, అదీ నెమ్మదిగా, చుట్టాల ముందు.

గురువారం నుంచి కొత్త వింత మొదలైంది. మలుపు తిప్పినప్పుడల్లా స్టీరింగ్ వెనక, ముళ్ళు తిరిగే అద్దంలో ఎర్రటి దీపం ఒకటి వెలిగి ఆరిపోతోంది. పొడుగు ముక్కున్న కూజా బొమ్మ, ముక్కు కొసన ఒక చుక్క. సాయంత్రం ఆయనకు చెప్పాను.

"అది ఆయిల్ లైటు. ఆయిల్ తగ్గిందన్నమాట. పొద్దున్నే పోయించు" అన్నారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

సోమవారం నిండా పోయించాను. ముల్లు సగానికి పైనే ఉంది. తగ్గిందంటారేమిటి అని నాలుక చివరి దాకా వచ్చింది. దాంతోపాటే ఆ స్నేహితుడు కళ్ళు తుడుచుకోవడమూ గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. శుక్రవారం పొద్దున్నే పంపుకు వెళ్ళి, మళ్ళీ నిండా డీజిల్ పోయించాను. నేను చీటీ అంటించిన మూత తెరిచి మరీ.

మధ్యలో ఆయనే ఫోన్ చేశారు. "ఆయిల్ పోయించావా?"

"పోయించాను."

"గీత దాకా?"

"పై గీత దాకా."

"అయితే ఇంకేం" అన్నారు. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ట్యాంకు ముల్లుకూ పైన ఒక గీత ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్లకూ పైన ఒక గీత ఉంటుంది. ఆయన తన గీత గురించి అడిగారు, నేను నా గీత గురించి చెప్పాను. ఇద్దరం నిజమే మాట్లాడుకున్నాం.

దీపం మాత్రం ఆరలేదు. ఇప్పుడు బ్రేకు వేసినా వెలుగుతోంది. ఆ సంగతీ చెప్పాను. అప్పటికైనా ఒకసారి మెకానిక్‌కు చూపించు అనొచ్చు కదా. పాత బండి, సెన్సారు పాడై ఉంటుంది, పట్టించుకోకు అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తెలియని చోటల్లా ఆయనకు సెన్సారు పాడవుతుంది.

శనివారం నాలుగో గదిలో పెట్టె సర్దుకుని బయల్దేరేసరికి ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. రెండు వీధులు దాటానో లేదో, ముందు నుంచి టకటకమని చప్పుడు. ఎర్రదీపం ఈసారి వెలిగి అలాగే ఉండిపోయింది. అదృష్టం ఏమిటంటే అది షెడ్ల వీధి. మొదటి షెడ్డు ముందు ఆపేసి, చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న మెకానిక్‌ను పిలిచాను. ఆయన ముందు ఇంజిన్ ఆపమన్నాడు. తర్వాత బానెట్ ఎత్తి, పసుపు పిడి ఉన్న సన్నటి ఇనుప పుల్లను పైకి లాగాడు. గుడ్డతో తుడిచి, మళ్ళీ దింపి, మళ్ళీ లాగి, వెలుగులో పెట్టి చూశాడు. పుల్ల పొడిగా ఉంది.

"ఆయిల్ ఎప్పుడు పోయించారక్కా?"

"నిన్ననే. నిండా."

ఆయన పుల్లను చూశాడు, నన్ను చూశాడు. ఎక్కడ పోయించారని మెల్లగా అడిగాడు. పంపులో అన్నాను. అప్పుడాయన నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. డీజిల్‌ను ఇంజిన్ కాల్చుకుంటుందని, ఈ ఆయిల్ లోపలి ఇనుము ఒకదాన్నొకటి తినెయ్యకుండా అడ్డం ఉంటుందని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. డ్రైవరు తలుపు అంచున ఒక చీటీ చూపించాడు. ఆయిల్ మార్చవలసిన గడువు దాటి చాలా నెలలైంది. నెలల తరబడి ఆ చీటీ పక్కనే రోజూ తలుపేసుకున్న మనిషి ఇంట్లో పడుకుని సెన్సారు అంటున్నారు.

ఐసుపెట్టెలో నాలుగు గదుల రక్తం ఉంది. ఇంకో గది మిగిలి ఉంది. అద్దె కారు కోసం ఫోన్‌లో చూస్తే అరగంట పడుతుందట. ఉన్న దారి ఒక్కటే, ఆయిల్ పోసి ఇదే బండిలో బయల్దేరడం. ఏ ఆయిల్ వాడతారని మెకానిక్ అడిగాడు. నా ఒట్టు గట్టున పెట్టి మావారికి ఫోన్ చేశాను.

"ఇంజిన్‌లో ఏ ఆయిల్ పోస్తారు?"

"మామూలు ఆయిలే."

"మామూలంటే?"

"ఎప్పుడూ పోసేదే."

"ఆ ఎప్పుడూ పోసేది ఏదండీ?"

"షాపులో చెబితే వాళ్ళే ఇస్తారు" అన్నారు. పక్కనే స్పేర్ పార్టుల షాపు ఉంది. షాపాయన మూడు డబ్బాలు తెచ్చి బానెట్ అంచున వరసగా పెట్టాడు. పాత బండి కాబట్టి బాగా చిక్కటిది పోస్తే చప్పుడే రాదన్నాడు. టైరుకు గాలి పట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి, తన బండిలో ముప్ఫై ఏళ్ళుగా ఎర్ర డబ్బాయే పోస్తున్నానని, కళ్ళు మూసుకుని అదే పొయ్యమని అన్నాడు. ఆయనది పెట్రోలు బండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ, అందులోనూ వినేది ఆడమనిషైతే మరీ లోకువ. మెకానిక్ మాత్రం ఏ డబ్బా ముట్టుకోలేదు.

"వీళ్ళందరూ ఎందుకక్కా, బండితో ఇచ్చిన పుస్తకం ఉంటుంది. అందులో ఏది రాసి ఉంటే అది పోద్దాం" అన్నాడు.

పుస్తకం కారులో లేదు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది కాబట్టి మావారినే అడిగాను. పాడవకుండా బీరువా పైఅరలో దాచానని గర్వంగా చెప్పారు. ఫోన్ అత్తయ్యకు ఇవ్వమన్నాను. నేను చెబుతానుగా అన్నారు. అత్తయ్యకే ఇవ్వమన్నాను. నా గొంతులో ఏం వినబడిందో, మారుమాట్లాడకుండా ఇచ్చారు.

అత్తగారు పక్కగదిలోకి వెళ్ళి కుర్చీ జరుపుకున్న చప్పుడు, బీరువా తలుపు చప్పుడు వినిపించాయి. కాసేపటికి ఆవిడ గొంతు కొడుకు వైపు తిరిగి గట్టిగా వచ్చింది.

"ఒరేయ్ నాన్నా, ఈ కవరు ఇంకా అంటించే ఉందిరా."

బండి కొన్ననాటి కవరు. తొమ్మిదేళ్ళు. పుస్తకాలను తెరవకుండా అలంకారానికి పెట్టుకునేవాళ్ళంటే నాకు మామూలుగానే ఒళ్ళుమంట. అలాంటివాడితోనే కాపురం చేస్తున్నానని షెడ్డు ముందు, నడివీధిలో తెలిసింది. కోపం ఎంత వచ్చిందంటే, ఆ నిమిషాన ఆయన రెండో కాలు నాకు అందుబాటులో లేకపోవడం మంచిదైంది.

కవరు చింపమన్నాను. పుస్తకం నా చేతిలో లేకపోయినా దాన్ని వెతకడం నాకు వచ్చిన పని. వెనకనుంచి తెరవండి, అక్షరాల వరసలో పేర్లుంటాయి, ఇంగ్లీషు ఓ కింద చూడండి అన్నాను. సున్నాలా ఉండేదేనా అని అడిగి, వేలు పెట్టి చూసి, పేజీ అంకె చెప్పి, ఆ పేజీకి వెళ్ళారావిడ. నేను స్పీకరు పెట్టాను. డబ్బాల షాపాయన, గాలి పెద్దమనిషి కూడా చెవులు రిక్కించారు.

"అయిదు" అని మొదలుపెట్టారు అత్తగారు. "తర్వాత రెండు వీ అక్షరాలు అతుక్కుని ఉన్నాయమ్మాయ్. తర్వాత అడ్డగీత. తర్వాత ముప్ఫై."

"ఫైవ్ డబ్ల్యూ థర్టీ" అన్నాడు మెకానిక్. "దాని పక్కన సీ అక్షరం, మూడు అంకె ఉన్నాయేమో చూడమనక్కా."

ఉన్నాయన్నారావిడ. మెకానిక్ చిక్కటి డబ్బాను, ఎర్ర డబ్బాను షాపాయన చేతిలో తిరిగి పెట్టేశాడు. ఈ బండికి పొగగొట్టంలో ఫిల్టరు ఉందని, దానికి తగ్గ పలచటి ఆయిలే పడాలని, చిక్కటిది పోసి ఉంటే వారంలో ఇంకో రోగం పట్టుకునేదని అన్నాడు. షాపాయన లోపలికి వెళ్ళి నాలుగో డబ్బా తెచ్చాడు. మెకానిక్ దాని వెనక రాసింది నాకు చూపించి, నేను చదివి తల ఊపాకే మూత తీశాడు.

కొంచెం పోసి, ఆగి, పుల్ల లాగి చూసి, మళ్ళీ పోశాడు. ఎక్కువ పోసినా తప్పేనట. పుల్ల నా చేతికిచ్చి పై గీత చూపించి, దీని దాకా వస్తే చాలు, దాటకూడదు అన్నాడు. నిన్న ఇదే మాట నేనెంత ధీమాగా చెప్పానో తలుచుకుంటే చెవులు కాలాయి. స్టార్ట్ చేశాను. దీపం ఆరిపోయింది. టకటక తగ్గింది గానీ, దాని అడుగున సన్నగా టిక్కు టిక్కుమని ఒకటి మిగిలిపోయింది.

"అది పోదక్కా" అన్నాడు మెకానిక్. "రెండ్రోజులు పొడిగా తిరిగింది. అరిగింది అరిగినట్టే. ఏడాది తిరుగుతుందో, నెల తిరుగుతుందో నేను చెప్పలేను."

అయిదో గది దగ్గర దిగి పెట్టె నింపుకుని, ల్యాబు కిటికీ ముందు నిలబడేసరికి తొమ్మిదికి రెండు నిమిషాలుంది. మేడమ్ ఎర్ర పెన్ను మూత తీసి పట్టుకునే ఉన్నారు. గడియారం చూసి మూత పెట్టేశారు. నా చేతికంటిన నల్లటి మసి చూసి, ట్యూబుల మీద పడకుండా చూసుకోండమ్మా అన్నారు. అంతే.

ఇంటికి వెళ్ళే దారంతా మాటలు కూర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళ మాటలు, వరసగా, ఒక్కటి కూడా పొల్లు పోకుండా. గదిలోకి వెళ్ళేసరికి ఆయన ఒళ్ళో ఆ పుస్తకం తెరిచి ఉంది. టీవీ ఆపేసి ఉంది.

"నాకు తెలియదు" అన్నారు.

"ఏది?"

"ఏ ఆయిల్ పోయాలో. ఎప్పుడూ తెలియదు. ఆ పాత మెకానిక్ దగ్గరికి వెళ్ళి ఆయిల్ మార్చు అనేవాణ్ణి. ఏది పోస్తున్నావని అడిగితే వీడికేం తెలియదనుకుంటాడని అడగలేదు. వాడు షెడ్డు ఎత్తేసి వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకొకడి దగ్గరికి వెళ్ళలేదు."

ఈ మనిషి నోట ఆ నాలుగక్షరాల మాట నేను మొదటిసారి వినడం. మెత్తబడతాననుకున్నారేమో. నాకు ఇంకా మండింది. "ఈ ముక్క గురువారం చెప్పలేకపోయారా?" అన్నాను.

"నువ్వు అడగలేదుగా."

"అడిగితే ఏమవుతుందో సోమవారం చూశానుగా."

ఆయన తల దించుకున్నారు. నా దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి గానీ, ఆ ఒక్కటి అన్నాక మిగతావి నాకే చేదుగా తోచాయి. ఆయన మెకానిక్‌ను అడగలేదు, నేను ఆయన్ని అడగలేదు. కారణం ఇద్దరిదీ ఒకటే. ముల్లు సగానికి పైన ఉందని కళ్ళారా చూసి కూడా పై గీత దాకా అని ఠీవిగా చెప్పింది నేనే. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు చేతిలోని చిరిగిన కవరును ఉండ చుట్టి బుట్టలో పడేశారు.

"మీ ఇద్దరి పరువుకీ ఆ ఇంజినే దొరికిందా" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

సోమవారం ఆరుంబావుకు బానెట్ ఎత్తాను. పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ దింపి, లాగి చూశాను. మంచం కిటికీ పక్కనే కాబట్టి ఆయనకు అంతా కనిపిస్తుంది.

"ఆయిల్..." అని ఆగిపోయారు. నేను తలెత్తి చూశాను. ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టారు. "ఇంజిన్ ఆయిల్ చూశావా?"

"చూశాను. పై గీతకు కొంచెం కింద."

"డీజిల్?"

"సగం."

కారెక్కి స్టార్ట్ చేశాను. చల్లటి ఇంజిన్‌లో టిక్కు టిక్కుమని ఆ చప్పుడు మొదలైంది, శనివారం కంటే కొంచెం గట్టిగా. వీధంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి కిటికీ దాకా వినబడే ఉంటుంది. సెన్సారు అంటారని చూశాను. అనలేదు. నేను గేరు మార్చి, అయిదు వారాల రూటుకు, ఆ చప్పుడుతోనే బయల్దేరాను.